టీకా తర్వాతా, టీకా వల్లా? నష్టపరిహారం కేసంతా ఈ ఒక్క మాట మీదే

ఆళ్లగడ్డ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల టకటకమని శబ్దం వస్తే ఏమనుకోవద్దు. మా వీధి చివర శిల్పాల షెడ్డు ఉంది, పొద్దున్నుంచీ ఉలి ఆగదు. నేను చెప్పేదాంట్లో ఆ రాళ్ళ పని కూడా ఒకచోట వస్తుంది కాబట్టి మైక్‌లో పడినా పర్వాలేదు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక మాట. నేను వకీలుని. ఆళ్లగడ్డ, నంద్యాల కోర్టుల్లో ఎక్కువగా యాక్సిడెంట్ క్లెయిములు చూస్తుంటా. డాక్టర్‌ని కాదు. మందుల సంగతి నన్నడగొద్దు, మీ డాక్టర్‌ని అడగండి. నష్టపరిహారం సంగతి అడగండి, అది నా పని.

2024 ఏప్రిల్ నెలాఖర్లో ఒక వార్త వచ్చింది. బ్రిటన్ కోర్టుకి ఫిబ్రవరిలో ఇచ్చిన పత్రాల్లో ఆస్ట్రాజెనెకా కంపెనీ ఒప్పుకుంది, మా కోవిడ్ టీకా వల్ల చాలా అరుదుగా టీటీఎస్ అనే జబ్బు రావచ్చు అని. అదే టీకాని పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కొవిషీల్డ్ పేరుతో తయారుచేశారు. మనలో చాలామంది వేసుకున్నది అదే. ఇక నా ఫోన్ ఆగలేదు. వచ్చిన మెసేజ్‌లన్నీ దాదాపు ఒకటే: "అన్నా, మా నాయన కొవిషీల్డ్ వేసుకున్న ఆర్నెల్లకి గుండెపోటుతో పోయినాడు. కేసు వేస్తే పరిహారం వస్తుందా?"

ఉన్నదున్నట్టు చెప్తా. ఆర్నెల్ల తర్వాత వచ్చిన గుండెపోటు మీద కేసు నిలబడదు. అది నాయన విలువ తక్కువని కాదు, చట్టం మనసు రాయని కాదు. ఎందుకు నిలబడదో చెప్తే, ఏది నిలబడుతుందో కూడా మీకే అర్థమవుతుంది. అసలు బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. నిలబడాల్సిన కేసులు కూడా మన దేశంలో నిలబడక తిరుగుతున్నాయి.

మన భాషలో ఒక మాటుంది, కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అప్పుడే తాటిపండు పడింది. కాకి వల్ల పడిందా, పండి పడిందా? చూసినవాడు కాకిని అంటాడు. టీకా కేసంతా ఈ కాకీ తాటిపండు తగాదానే.

ఒక చిన్న లెక్క వేద్దాం. మన దేశంలో ఏటా వెయ్యికి ఆరుగురు చనిపోతారని సర్కారు లెక్కలు. యాభై వేల జనం ఉన్న ఒక మండలం అనుకోండి. సంవత్సరానికి 300 మంది, అంటే వారానికి దాదాపు ఆరుగురు. ఏ టీకా లేకపోయినా అంతే. ఇప్పుడు ఆ మండలం మొత్తానికి ఒకే సోమవారం టీకా వేశామనుకోండి. వచ్చే సోమవారంలోగా ఆరుగురు పోతారు. ఆరిళ్ళలోనూ "టీకా వేసుకున్న వారంలోపే పోయినాడు" అంటారు. అది నిజమే కదా, అబద్ధం కాదు. కానీ ఆ నిజంతో పరిహారం రాదు. 2022 నవంబర్ నాటికి దేశంలో దాదాపు 220 కోట్ల డోసులు వేశారు. ఇంతమందికి వేశాక దేశంలో ఎవరు చనిపోయినా 'టీకా తర్వాతే' చనిపోయినట్టు.

గుండెపోట్ల మీద ఐసీఎంఆర్ వాళ్ళు ఒక పరిశోధన చేశారు. 18 నుంచి 45 ఏళ్ళ మధ్య, ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, అదే వయసు, అదే చుట్టుపక్కల ఉన్న 2,916 మందితో పోల్చి చూశారు. 19 రాష్ట్రాలు, 47 ఆసుపత్రులు. 2023లో ఫలితం వచ్చింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదు. జిమ్‌లో కుర్రాడు కూలిపోయిన వీడియో వచ్చిన ప్రతిసారీ కింద "వ్యాక్సిన్" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ కామెంట్ల వల్ల నిజంగా టీకా వల్ల పోయిన మనిషి ఇంట్లోవాళ్ళకి జరిగే నష్టం ఎక్కువ. వాళ్ళని కూడా అదే గుంపులో కలిపి పక్కకి నెట్టేస్తారు.

అంటే టీకా వల్ల ఎప్పుడూ ఏమీ కాదా? అవుతుంది. ఇక్కడ రెండు ప్రశ్నలు వేరుచేయాలి. చేయగలదా? చేసిందా? ఈ టీకా ఇలాంటి హాని చేయగలదు అని సైన్సు ఒప్పుకోవాలి, ఇది మొదటిది. ఈ మనిషికి ఆ హాని చేసింది టీకాయే అని తేలాలి, ఇది రెండోది. మొదటిది లేకుండా రెండోది లేదు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు.

ఇప్పుడు రాళ్ళ దగ్గరికి వస్తా. మా ఊళ్ళో ఒక విగ్రహం పగిలిందనుకోండి. శిల్పిని అడిగితే వెంటనే ఎవరినీ తిట్టడు, ముందు పగులు చూస్తాడు. రాయిలోనే గీత ఉందా? ఉలి దెబ్బ అడ్డంగా పడిందా? లారీలో ఎక్కించేటప్పుడు తగిలిందా? ఒక్కో పగులు ఒక్కో రకంగా ఉంటుంది. టీకా తర్వాత హాని జరిగితే డాక్టర్ల కమిటీ చేసేది కూడా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం టీకా గుణం వల్ల వచ్చిందా, టీకా నాణ్యత లోపమా, వేసినవాళ్ళ పొరపాటా, సూది భయంతో వచ్చిందా, లేక కాకతాళీయమా అని చూస్తారు. సూది భయం అంటే నవ్వకండి. స్కూల్లో ఇంజెక్షన్ వేస్తే ఒకమ్మాయి పడిపోతుంది, ఆమెని చూసి ఇంకో నలుగురు పడిపోతారు. అది నటన కాదు, శరీరం నిజంగానే అలా చేస్తుంది.

వేసినవాళ్ళ పొరపాటుకి మన హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. 2019 మార్చిలో నాంపల్లిలో పసిపిల్లలకి టీకా వేసి, జ్వరం రాకుండా పారాసెటమాల్ ఇవ్వాల్సింది పోయి ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది పెద్దవాళ్ళ నొప్పుల మందు. ఇద్దరు పిల్లలు చనిపోయారు. టీకాకి ఏ పాపమూ తెలియదు. కానీ "టీకా వికటించి చిన్నారుల మృతి" అంటే జనం ఏమనుకుంటారు?

ఇంకా పాతది ఒకటుంది, నాకు చాలా ఇష్టమైన కేసు. 1902 అక్టోబర్ 30, పంజాబ్‌లో ముల్కోవాల్ అనే ఊరు. ప్లేగు టీకా వేశారు, 107 మందికి. తయారుచేసింది బొంబాయి ల్యాబ్‌లో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త. వాళ్ళలో 19 మందికి ధనుర్వాతం వచ్చింది, 19 మందీ పోయారు. హాఫ్‌కిన్ టీకానే విషం అన్నారు, ఉద్యోగం తీసేశారు. కానీ ఒక చిన్న సంగతి కాగితం మీద మిగిలింది. ఆ రోజు ఐదు సీసాలు వాడారు. చచ్చిపోయిన 19 మందికీ ఒకే సీసాలోది వేశారు, దాని నంబర్ 53-ఎన్. ఆ సీసా మూత తెరిచేటప్పుడు చిమటా నేలమీద పడిందని, దాన్ని సరిగా శుభ్రం చేయలేదని తర్వాత బయటికొచ్చింది. ఐదేళ్ళు పట్టింది హాఫ్‌కిన్ మీద మచ్చ పోవడానికి. ఎవరో సీసా నంబర్ రాసి పెట్టకపోయుంటే? మచ్చ పోయేది కాదు, కారణమూ తెలిసేది కాదు. బ్యాచ్ నంబర్ అంటే ఏదో రాసే లాంఛనం కాదప్పా.

రాసి పెట్టకపోతే ఏమవుతుందో చూడ్డానికి ఖమ్మం పోదాం.

2009 జులై. అప్పుడింకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా. దాదాపు 14 వేల మంది పిల్లలు, అందులో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో చదివేవాళ్ళు. గుజరాత్ వడోదరలో ఇంకో పది వేల మంది. రెండుచోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయినట్టు తేలింది. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆపేశారు. కేంద్రం కమిటీ వేసింది. పురుగుల మందు, పాముకాటు, మలేరియా, నీళ్ళలో పడటం, ఇలాంటి కారణాలు చెప్పి, టీకాతో సంబంధం లేదనే చెప్పొచ్చు అని తేల్చారు.

నాకు ఆ కమిటీ మాట తప్పనిపించట్లేదు. పాము కరిచి పోతే టీకా ఏం చేస్తుంది? హెచ్‌పీవీ టీకా వందకు పైగా దేశాల్లో వేస్తున్నారు, అది మంచి టీకా. నా గొడవ వేరే. ఏదైనా ఒక అమ్మాయి నిజంగా టీకా వల్లే పోయుంటే ఆ సంగతి ఎవరికైనా తెలిసే దారి ఉండిందా? నెలల తర్వాత ఊరికి పోయి, అమ్మానాన్నల్ని అడిగి, ఉన్నవో లేనివో కాగితాలు చూసి చెప్పిన కారణం అది. దుష్ఫలితాలు నమోదు చేసే పద్ధతి సరిగా లేదని తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘమే తప్పుపట్టింది, 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో. అంగీకార పత్రాల సంగతి వింటే మీకు కోపం వస్తుంది. ఆంధ్రాలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. కూతురికి ఏ టీకా వేశారో తెలియని తల్లి, ఏ రోజు ఏ లక్షణం వచ్చిందో ఎట్లా రాసి పెడుతుంది?

ఇంకొకటుంది. ఆ ప్రాజెక్టుని 'క్లినికల్ ట్రయల్' అని పిలవలేదు, నమూనా కార్యక్రమం లాంటి పేరు పెట్టారు. పార్లమెంటరీ సంఘం ఇది ట్రయలే అంది. పేరుతో పనేముంది అంటారా? పనంతా పేరుతోనే. ఇప్పుడున్న చట్టం చూడండి, 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. ట్రయల్‌లో పాల్గొన్న మనిషికి ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి, దానికి ఫార్ములా ఉంది, ఎనిమిది లక్షలు మూలంగా తీసుకుని వయసు, జబ్బు తీవ్రత బట్టి లెక్క కడతారు. ఎవరి నిర్లక్ష్యమూ నిరూపించక్కర్లేదు. అదే టీకా ట్రయల్ దాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాక వేసుకుని హాని జరిగితే? ఆ ఫార్ములా వర్తించదు.

ఖమ్మం సంగతి మీద వేసిన కేసు సుప్రీంకోర్టుకి పోయింది. అక్కడ తగాదా ఎటు తిరిగిందంటే, పార్లమెంటరీ కమిటీ రిపోర్ట్‌ని కోర్టులో చూపించొచ్చా, చూపించకూడదా అని. ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న చూపించొచ్చు అని తీర్పిచ్చింది. మంచి తీర్పే. కానీ 2009లో పోయిన పిల్లలు, 2018లో తేలింది ఒక కాగితాన్ని చూడొచ్చా లేదా అని.

ఖమ్మంలో రుజువే లేదు. ఇప్పుడు రుజువు ఉన్న కేసు చెప్తా, ఇది హైదరాబాద్‌ది.

2021 మే నెలాఖరు. 18 ఏళ్ళ అమ్మాయి, మంచి ఆరోగ్యం. కొవిషీల్డ్ మొదటి డోసు వేసుకుంది. కొన్ని రోజులకి జ్వరం, తర్వాత తలలో రక్తం గడ్డకట్టడం. జూన్‌లో చనిపోయింది. పేర్లు చెప్పను, కోర్టు రికార్డులో ఉన్నాయి, ఆ కుటుంబానికి నేను ఇంకో పబ్లిసిటీ ఇవ్వక్కర్లేదు. అందరూ ఓదార్చి ఊరుకుంటారు కదా, ఆ తల్లి ఊరుకోలేదు. సమాచార హక్కు కింద అడిగింది, మా అమ్మాయి కేసు మీద మీ కమిటీ ఏం తేల్చింది అని. జవాబొచ్చింది: టీటీఎస్, టీకా గుణం వల్ల వచ్చినదే. అంటే సర్కారు సొంత కమిటీ, సొంత కాగితం మీద ఒప్పుకుంది.

టీటీఎస్ అంటే రక్తం గడ్డకడుతుంది, అదే సమయంలో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మామూలుగా ఈ రెండూ కలిసి రావు. టీకా వేసిన నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు సాధారణంగా వస్తుంది. పీఎఫ్4 యాంటీబాడీ అనే రక్తపరీక్షలో గుర్తు దొరుకుతుంది. ఇది వేలిముద్ర లాంటిది. మా రాళ్ళ పనివాళ్ళకి సిలికోసిస్ వస్తుంది చూడండి, ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి డాక్టర్ రాతి దుమ్ము అని చెప్పేస్తాడు. ఎందుకంటే ఆ జబ్బుకి వేరే కారణం లేదు. గుండెపోటు అట్లా కాదు. షుగర్, బీపీ, సిగరెట్, వంశం, వంద కారణాలు. అందుకే ఆర్నెల్ల తర్వాత గుండెపోటు వేరు, పన్నెండో రోజు ప్లేట్‌లెట్లు పడిపోయి మెదడులో గడ్డ వేరు. మొదట నన్నడిగిన తమ్ముడికి జవాబు ఇదే.

సరే, రుజువు వచ్చేసింది కదా, పరిహారం వచ్చిందా? ఆ తల్లిదండ్రులు, ఇలాగే కూతుర్ని పోగొట్టుకున్న తమిళనాడు తల్లిదండ్రులు కలిసి సుప్రీంకోర్టుకి పోయారు. 2022 నవంబర్‌లో కేంద్రం అఫిడవిట్ వేసింది. అందులో ఉన్నది నా మాటల్లో చెప్తా: జరిగింది విషాదమే. కానీ టీకా వేసుకోవడం స్వచ్ఛందం. తయారుచేసింది వేరే కంపెనీలు. ఇంత అరుదైన మరణాలకి ప్రభుత్వాన్ని నేరుగా బాధ్యుణ్ణి చేయడం చట్టం ప్రకారం నిలవదు. బాధ ఉన్నవాళ్ళు సివిల్ కోర్టుకి పోయి నిర్లక్ష్యం మీద దావా వేసుకోవచ్చు. ఇదీ సారాంశం. 2024లో ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉండింది.

ఇక్కడ వకీలుగా నాకు కడుపు మండుతుంది. నిర్లక్ష్యం మీద దావా అంటే ఎవరి నిర్లక్ష్యం? నర్సు సూది సరిగ్గానే వేసింది. సీసా మంచిదే. కంపెనీ అనుమతి తీసుకునే తయారుచేసింది. ప్రభుత్వం నిపుణులు చెప్పినట్టే అనుమతించింది. ఎవరూ తప్పు చేయలేదు. అమ్మాయి మాత్రం పోయింది. సివిల్ కోర్టులో మీరు టీకా వల్లే అని నిరూపించి, ఆ పైన ఎవరిదో తప్పని కూడా నిరూపించాలి. మొదటి మెట్టు ఎక్కితే రెండో మెట్టే లేదు అక్కడ. కమిటీ కాగితం చేతిలో ఉండీ ఉపయోగం లేదు.

"వినియోగదారుల ఫోరం లేదా అన్నా?" అని అడుగుతారు. ప్రైవేట్ ఆసుపత్రిలో డబ్బు కట్టి వేయించుకుంటే పోవచ్చు, రెండేళ్ళ లోపు పోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేయించుకుంటే కష్టం. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి సేవ ఆ చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పేదవాడికి ఆ తలుపు కూడా మూసే ఉంది.

ఇదే సంగతి రోడ్డు మీద జరిగితే చూడండి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప పోయే 40వ నంబర్ హైవే మీకు తెలియంది కాదు. లారీ గుద్ది మనిషి పోతే, తప్పు లారీవాడిదని నిరూపించక్కర్లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఐదు లక్షలు వస్తాయి. తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. ఎందుకు పెట్టారది? రోడ్లు, బండ్లు దేశానికి కావాలి, కొన్ని ప్రమాదాలు తప్పవు, ఆ భారం ఒక్క కుటుంబం మీదే పడకూడదని. టీకాకి కూడా ఇదే న్యాయం కదా. టీకా నేను వేసుకుంటే నా పక్కింటి ముసలాయనకి కూడా మేలు. అందరి మేలు కోసం వేస్తున్నప్పుడు కోటికొకరికి తగిలే దెబ్బ అందరం కలిసి మోయాలి.

కానీ ఒకటి సరిగ్గా వినండి, దీంట్లో చాలామంది పొరబడతారు. తప్పు నిరూపించక్కర్లేదు అంటే కారణం నిరూపించక్కర్లేదు అని కాదు. 164 కింద కూడా మనిషి ఆ బండి వల్లే పోయాడని చూపించాలి. జ్వరంతో పోయినవాణ్ణి లారీ కింద రాస్తే పరిహారం రాదు, జైలు వస్తుంది.

అమెరికా వాళ్ళు దీన్ని ఎట్లా చేశారో చూస్తే మనకి దారి కనిపిస్తుంది. 1986లో చట్టం చేశారు, 1988లో మొదలైంది. ప్రతి టీకా డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్లు పన్ను, ఆ డబ్బు ఒక నిధిలో పడుతుంది. ఒక పట్టిక తయారుచేశారు: ఫలానా టీకా, ఫలానా జబ్బు, ఇంత సమయం లోపు. ఉదాహరణకి ధనుర్వాతం టీకా వేసిన నాలుగు గంటల లోపు తీవ్రమైన అలర్జీ వస్తే టీకా వల్లే అని కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిది. చూడండి, భారం ఎట్లా తిరగబడిందో. పట్టికలో లేని జబ్బయితే భారం మీదే. 2005లో ఆల్థెన్ కేసులో మూడు చూపించమన్నారు: ఇలా జరగొచ్చని నమ్మదగ్గ వైద్య వివరణ, ఈ మనిషిలో అలాగే జరిగిందనే వరస, సరిపోయే సమయం. ఇవి నూటికి నూరు కాదు, నూటికి యాభై ఒకటి చాలు. కేసు ఓడినా, నిజాయితీగా వేసిందైతే వకీలు ఫీజు కూడా ఆ నిధే ఇస్తుంది. ఇది నాకు బాగా నచ్చిన నిబంధన, ఎందుకో చెప్పక్కర్లేదు.

అలాగని అడిగినవాళ్ళందరికీ పంచేయరు. టీకాల వల్ల ఆటిజం వచ్చిందని దాదాపు ఐదు వేల కుటుంబాలు అడిగితే, 2009, 2010లో నమూనా కేసులు విని, రుజువు లేదని కొట్టేశారు. బ్రిటన్‌లో 1979 నుంచి చట్టం ఉంది, 1,20,000 పౌండ్లు ఇస్తారు, కానీ 60 శాతం వైకల్యం ఉంటేనే. 59 ఉంటే సున్నా. అది నాకు నచ్చలేదు.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చింది ఒకసారి. 2021 జనవరిలో హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళ కొవాగ్జిన్ వేసేటప్పుడు ఒక అంగీకార పత్రం మీద సంతకం చేయించారు, మీలో ఆరోగ్య సిబ్బంది ఇళ్ళవాళ్ళకి గుర్తుండొచ్చు. అప్పుడు దాన్ని క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వేశారు. తీవ్రమైన హాని జరిగి, అది టీకా వల్లే అని నిరూపణ అయితే కంపెనీ పరిహారం ఇస్తుంది అని ఆ పత్రంలో ఉంది. మార్చిలో ఆ పద్ధతి తీసేశారు. 'నిరూపణ అయితే'. ఎవరు నిరూపించాలి? ఎవరి ముందు?

కమిటీల పని కూడా అంత సులువు కాదు, ఒప్పుకుంటా. 2021 జూన్‌లో జాతీయ కమిటీ మొదటి 31 కోవిడ్ టీకా కేసుల ఫలితం చెప్పింది. 18 కాకతాళీయం. 3 టీకా గుణం వల్ల, అందులో 68 ఏళ్ళ ఒకాయన అలర్జీతో చనిపోయాడు. 1 సూది భయం. 2 వివరాలు చాలక వదిలేశారు. 7 'చెప్పలేం'. ఈ ఏడూ చూడండి, ఇదే త్రిశంకు స్వర్గం. సమయం సరిపోయింది, టీకా కాదనడానికి లేదు, అవుననడానికి సైన్సు చాలదు. ఆ కమిటీని పెట్టింది టీకా భద్రత గమనించడానికి, పరిహారం పంచడానికి కాదు. కాబట్టి వాళ్ళు 'చెప్పలేం' అంటే తప్పు లేదు. తప్పెక్కడంటే, వాళ్ళ 'చెప్పలేం'ని తీసుకొచ్చి కోర్టులో 'కాదు' అని చదవడం. యాభై ఒకటి వస్తే చాలనే చోట తొంభై తొమ్మిది అడగడం. యూరప్ కోర్టు 2017లో ఒక హెపటైటిస్-బి టీకా కేసులో ఇదే చెప్పింది, వైద్యుల్లో ఏకాభిప్రాయం లేకపోయినా, గట్టి ఆధారాలు ఒకదానికొకటి సరిపోతుంటే జడ్జి కారణం తేల్చొచ్చు అని. మనకి కావాల్సింది కూడా అదే. నిధి ఒకటి, పట్టిక ఒకటి, 'చెప్పలేం' వచ్చినవాళ్ళ కోసం విడిగా కూర్చునే బెంచి ఒకటి.

అది వచ్చేదాకా మనం చేయగలిగింది కాగితాలు కాపాడుకోవడం. టీకా సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది, స్క్రీన్‌షాట్ కాదు, పీడీఎఫ్ దాచుకోండి. టీకా వేసుకున్నాక ఏదైనా తీవ్రంగా వస్తే, ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే డాక్టర్‌కి "ఫలానా తేదీన ఫలానా టీకా వేసుకున్నాం" అని చెప్పి కేసు షీట్‌లో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేక ఎన్ని కేసులు పోతాయో. రక్తపరీక్షల రిపోర్టులన్నీ, ముఖ్యంగా ప్లేట్‌లెట్ల లెక్క, తేదీల వారీగా పెట్టుకోండి. ఆశా అక్కకి గానీ, ఏఎన్‌ఎం‌కి గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కి గానీ చెప్పండి. తీవ్రమైన కేసయితే 24 గంటల్లో పైకి తెలియజేయాలని నిబంధన. వాళ్ళు పంపకపోయినా, 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో మామూలు మనుషులు, డాక్టర్లు కూడా నేరుగా నమోదు చేసుకునే వీలుండాలని చెప్పింది. పంపాక కేసు గుర్తింపు నంబర్ అడిగి తీసుకోండి. తర్వాత సమాచార హక్కు దరఖాస్తులో ఆ నంబర్ రాస్తే పని సులువు.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉండే మాట. పోస్ట్‌మార్టం. మన వైపు ఎవరూ ఒప్పుకోరు. "పోయినోన్ని మళ్ళీ కోపిస్తారా" అంటారు. ఆ సమయంలో ఆ ఇంట్లో నేనున్నా అట్లాగే అంటానేమో. కానీ మట్టిలో పెట్టాక, నిప్పులో పెట్టాక చేసిందా లేదా అనే ప్రశ్నకి జవాబు శరీరంలో వెతకడానికి ఇక ఉండదు. ఇంట్లో ఒక్కరన్నా తల నిలుపుకుని డాక్టర్‌ని అడగండి, చేయిస్తే ఏం తెలుస్తుంది అని. తర్వాత మీ ఇష్టం.

కింద ఒక చెల్లెలు అడిగింది. "అన్నా, ఇంతా చెప్పినావు, 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాని ప్రోత్సహిస్తామన్నారు, మా చెల్లికి వేయించాలా వద్దా?" అమ్మా, డాక్టర్‌ని అడుగు అని మొదటే చెప్పాను. నా ఇంటి సంగతి అడిగితే, మా అక్క కూతురికి వేయించమనే చెప్పాను. వేయించిన రోజు కార్డు రెండు వైపులా ఫోటో తీసి, బ్యాచ్ నంబర్ కనిపించేట్టు, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నా. పెట్టింది కూడా.

సమాచార హక్కు దరఖాస్తు ఎట్లా రాయాలో, కుటుంబ సభ్యులమని చూపించడానికి ఏ కాగితాలు జతచేయాలో విడిగా ఇంకో ఎపిసోడ్ చేస్తా. అందాక మీ దగ్గర ఇలాంటి కేసు కాగితాలుంటే వాటిని కామెంట్లో పెట్టొద్దు, అందులో మీ ఇంటివాళ్ళ ఆరోగ్య వివరాలుంటాయి. ఉంటాను.